క్యాబేజీకి ఏడుగురు కాపలా

మే నెల పదో తేదీన ఉబహార ఊరికి ఒక ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వులన్నీ ఎలా వస్తాయో అలాగే, ఇంటింటికీ తిరిగే అట్టకి క్లిప్పు పెట్టి వచ్చింది. అందులో ఇలా ఉంది:

"ఈ నెల ఇరవై రెండో తేదీ గురువారం మన ఊరి మీదుగా బ్యాటరీ సైకిళ్ళపై విహారయాత్రికులు వెళ్ళుదురు. వారిని చూడగానే గ్రామస్థులందరూ ఎవరూ చెప్పకుండా, తమంతట తాముగా, సంతోషం పట్టలేక చేతులు ఊపవలెను. సంతోషం పట్టలేకపోవలసిన సమయం ఉదయం పది గంటల పది నిమిషాలు. చెయ్యి భుజానికి పైన ఉండవలెను. భుజం నొప్పి ఉన్నవారు తువ్వాలు ఊపవచ్చును. చదివినవారు ముద్ర వేసి పక్కింటికి అందజేయవలెను."

అందరూ ముద్ర వేసి పక్కింటికి అందజేశారు. ఉబహారలో అట్ట మీద ముద్ర పడకపోవడం ఒక్కసారే జరిగింది. ముద్ర వేయాల్సిన పెద్దమనిషి అంతకు ముందురోజే కాలం చేశాడు. అయినా ఊరి మర్యాద పోకూడదని ఆయన తరఫున ఆయన భార్య ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ చెప్పుకుంది.

అట్ట కినుయే చేతికి వచ్చేసరికి అప్పటికే అయిదు ముద్రలు పడి ఉన్నాయి. ఆవిడ కాగితాన్ని మూడుసార్లు చదివింది. చేతులు ఊపడంలో ఏయే ప్రమాదాలున్నాయో ఆలోచించింది. ఊపుతూ ఊపుతూ కాలవలో పడొచ్చు. సైకిలు మనిషి తిరిగి చెయ్యి ఊపబోయి హ్యాండిలు వదిలి లోయలో పడొచ్చు. లోయలో పడ్డవాణ్ణి చూడబోయి మిగతావాళ్ళు పడొచ్చు. అంతా ఆలోచించి, నిట్టూర్చి, ముద్ర వేసింది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కినుయే నలభై తొమ్మిదేళ్ళుగా మొదటి సగాన్ని శ్రద్ధగా పాటిస్తూనే ఉంది. రెండో సగానికి తీరిక దొరకలేదు. ఊరి వెనకే నిలబడి పొగ వదిలే కొండని ఊరివాళ్ళు 'పెద్దాయన' అంటారు. దారి మొగలో ప్రభుత్వంవారి బోర్డు ఉంటుంది: "ఒకటో నంబరు హెచ్చరిక. ఇది బతికున్న అగ్నిపర్వతమని గుర్తుంచుకొనుడు." ఆ బోర్డు చెప్పినట్టు నడుచుకునే పౌరులు దేశం మొత్తం మీద ఎందరున్నారో తెలియదు గానీ, కినుయే మాత్రం ఆ సంగతిని రోజుకి నలభైసార్లు గుర్తుంచుకునేది. కూతురు నాహో బడి సంచికి ఎలుగుబంట్లు బెదిరిపోయే గంట కట్టింది కూడా ఆవిడే.

"అమ్మా, మన దీవిలో ఎలుగుబంట్లే లేవు కదే! బళ్ళో అందరూ నన్ను మేకపిల్ల అంటున్నారు," అని నాహో మొత్తుకుంది.

"లేవన్న సంగతి నీకూ నాకూ తెలుసు. ఎలుగుబంటికి తెలియొద్దూ?" అంది కినుయే.

నాహోకి పదహారేళ్ళు. ఊరి మొత్తానికి బడికి వెళ్ళే ప్రాణి ఆ పిల్ల ఒక్కతే. పొద్దున ఆరూ యాభైకి బస్సు వచ్చి పిల్లని ఎక్కించుకుని, యాభై నిమిషాలు కొండ దిగి, టౌన్లో హైస్కూలు ముందు దింపుతుంది. సాయంత్రం ఆరింటికి తిరిగి తెచ్చి ఇంటి ముందు దింపుతుంది. డ్రైవరు నియమం తప్పని మనిషి. బస్సులో ఉన్నది నాహో ఒక్కతే అయినా మైకులో "ప్రయాణికులందరూ జాగ్రత్తగా పట్టుకోండి, మలుపు వస్తోంది," అని చెప్పి మరీ తిప్పుతాడు. ఆ మాట కోసమే కినుయే ఆ డ్రైవరుకి ఏటా ఒక జాడీ ఆవాకు ఊరగాయ పంపుతుంది.

ఇప్పుడు ఆ బస్సుకే ముప్పు వచ్చింది. ఒక్క పిల్ల కోసం ముప్పై సీట్ల బస్సు కొండెక్కడం సబబేనా అని టౌను ఆఫీసులో ప్రశ్న లేచింది. ప్రశ్న లేచింది కాబట్టి కమిటీ కూర్చుంది. కమిటీ కూర్చుంది కాబట్టి ఒక మధ్యేమార్గం దొరికింది. ఊళ్ళో సందడి ఉన్నట్టు రుజువైతే బస్సు ఉంటుంది, లేకపోతే ఉండదు. సందడిని ఊరివాళ్ళు కొలిస్తే పక్షపాతం అవుతుంది, ఆఫీసువాళ్ళు కొలవాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. అందుకని పట్నం నుంచి ఆరుగురు విహారయాత్రికుల్ని రప్పించి, బ్యాటరీ సైకిళ్ళ మీద ఒకరోజు తిప్పి, వాళ్ళ చేత ఫారాలు నింపించాలని తీర్మానమైంది. దారిలో కనీసం ఇరవైమంది గ్రామస్థులు తారసపడితే సందడి ఉన్నట్టు లెక్క.

ఉబహార జనాభా పదకొండు.

బస్సు పోతే నాహోని టౌన్లో గది తీసుకుని ఉంచాలి. కినుయే భర్త తెల్లారకముందే పాల లారీ తీసుకుని వెళ్ళిపోతాడు. కినుయేకి లైసెన్సు లేదు. డ్రైవింగు బడిలో నాలుగో పాఠం రోజున ఆవిడ సీతాకోకచిలుక అడ్డం వచ్చిందని బ్రేకు వేసింది, పక్కన కూర్చున్న మాస్టారి కళ్ళజోడు పగిలింది, ఇద్దరూ మర్యాదగా విడిపోయారు. కాబట్టి గది తప్పదు. ఆ గదిలో ఏమేం జరగబోతాయో కినుయేకి చూసినట్టే తెలుసు. గ్యాసు కట్టేయడం మరిచిపోతుంది. భూకంపం వచ్చి పుస్తకాల బీరువా మంచం మీద పడుతుంది. జలుబు చేసినా చెప్పదు, అది నిమోనియాలోకి దిగుతుంది. పక్కగదిలో జుట్టుకి పసుపురంగు వేసుకున్న కుర్రాడు ఉంటాడు, వాడికి గిటారు ఉంటుంది.

పదిహేనో తేదీన ఊరి హాల్లో సభ జరిగింది. టౌను ఆఫీసు విహారశాఖ పెద్ద షినొహరా గారు మెడలో గుర్తింపు కార్డు సవరించుకుని మాట్లాడారు.

"ఉబహార ప్రజలారా! ఇక్కడి గాలి, ఇక్కడి బూడిద, ఇక్కడి గంధకం వాసన, ఇవన్నీ మన సంపద. వీటిని చూడటానికి జనం వస్తారు. కానీ చూసే జనానికి చూడబడే జనం కూడా కావాలి. ఊళ్ళో మనుషులు ఉండటం వేరు, ఉన్నట్టు కనిపించడం వేరు. నివేదికలోకి ఎక్కేది రెండోది. కాబట్టి మీరందరూ సహజంగా ఉండండి. ఎలా సహజంగా ఉండాలో రెండు పేజీల్లో రాసి తెచ్చాం. ఇంటికొకటి తీసుకోండి."

చప్పట్లు కొట్టారు. యాత్రికుల వెనకాల సైకిలు మీద భద్రత చూసుకుంటూ వెళ్ళడానికి ఊరి మనిషి ఒకరు కావాలన్నారు. ఎవరన్న చర్చే రాలేదు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ భయపడే మనిషికే ఆ పదవి దక్కడం న్యాయమని అందరూ ఒప్పుకున్నారు. పైగా నాహోని మినహాయిస్తే ఊళ్ళో అరవై ఏళ్ళు నిండని ఆడమనిషి కినుయే ఒక్కతే.

షినొహరా గారు వెళ్ళాక అసలు సభ మొదలైంది.

ఊరిపెద్ద తొకుజి గారికి డెబ్భై ఎనిమిది. ఆయన వేళ్ళు మడిచారు. "మనం పదకొండుగురం. నాహో బళ్ళో ఉంటుంది. దాని నాన్న పాల లారీ మీద ఉంటాడు. కినుయే సైకిలు మీద. మిగిలింది ఎనిమిది. కావలసింది ఇరవై."

"పక్క ఊరి నుంచి అరువు తెచ్చుకుందామా?" అన్నారెవరో.

"పక్క ఊళ్ళో నలుగురే. వాళ్ళు మనల్నే అరువు అడుగుదామనుకుంటున్నారు."

తొంభై ఒకటేళ్ళ హత్సుయో మామ్మ చాప మీద కాళ్ళు చాపుకుంటూ అంది: "దీనికింత బుర్ర చించుకోవాలా? ఒకచోట ఊపి, ఇంకోచోటికెళ్ళి మళ్ళీ ఊపితే సరి. పెళ్ళిళ్ళలో నేను రెండు బంతుల్లో కూర్చోలేదూ!"

అందులోంచి పథకం పుట్టింది. తొకుజి గారికి చిన్న ట్రక్కు ఉంది. ఆయన నడిపితే మిగతావాళ్ళు ఏడుగురు. దేవదారు తోపు మలుపు దగ్గర గడ్డి టోపీలతో ఏడుగురు. సైకిళ్ళు శిఖరం అంచు చుట్టి వచ్చేలోగా అడ్డదారిన ట్రక్కు వెళ్ళి, ఆవుల పచ్చిక దగ్గర తలకి తువ్వాళ్ళు చుట్టుకుని ఏడుగురు. మళ్ళీ అడ్డదారిన ఊళ్ళోకి వచ్చి, హాలు పక్క వేణ్ణీళ్ళ తొట్టిలో పాదాలు పెట్టుకుని, ఏ వేషమూ లేకుండా ఏడుగురు. మూడేళ్ళు ఇరవై ఒకటి. ఒకరు ఎక్కువే.

"చట్టం ఒప్పుకోదు," అన్నారు తొకుజి గారు దిగులుగా. నలభై ఏళ్ళుగా ఒక్క జరిమానా కూడా కట్టని మనిషి ఆయన. ట్రక్కు వెనక సరుకు ఎక్కించాలి గానీ మనుషుల్ని ఎక్కించకూడదు. ఆయన ఇంటికి వెళ్ళి పుస్తకం తెచ్చి, కళ్ళద్దాలు మార్చి మార్చి చదివారు. మొహం విప్పారింది. సరుకుకి కాపలా అవసరమైతే, అవసరమైనంత మేరకు మనుషులు వెనక కూర్చోవచ్చును.

వెంటనే ఒక క్యాబేజీని సరుకుగా నిర్ణయించారు. దాని భద్రతకి ఏడుగురు అవసరమని ఏకగ్రీవంగా తీర్మానించారు. ట్రక్కు మోయగల బరువు మూడువందల యాభై కిలోలు. ఏడుగురినీ బియ్యం తూచే కాటా మీద నిలబెట్టి చూస్తే క్యాబేజీతో కలిపి మూడువందల యాభై ఒకటిన్నర తేలింది. ఆ రోజు పొద్దున ఎవరూ ఫలహారం తినకూడదని మరో తీర్మానం చేశారు. క్యాబేజీని చిన్నది మార్చొచ్చు కదా అని కినుయే అనబోయింది గానీ, అప్పటికే ముద్రలు పడిపోయాయి.

ఇరవై రెండో తేదీ తెల్లవారింది. పెద్దాయన ఆ పూట మామూలు కంటే కొంచెం ఎక్కువ పొగ తాగుతున్నాడు. కినుయే వీపు సంచిలో గాయాల పట్టీలు, ఉప్పు బిళ్ళలు, ఏడు తడిగుడ్డలు, గొడుగు, ఈల, తాడు, పాముకాటు మందు, బంధువుల ఫోను నంబర్లు అడిగి రాసుకోవడానికి నోటుపుస్తకం సర్దుకుంది. నాహో బస్సెక్కుతూ వెనక్కి తిరిగి, "అమ్మా, ఇవాళైనా కాస్త నవ్వు మొహం పెట్టవే. నిన్ను చూస్తే కొండ ఇప్పుడే పేలుతుందనుకుంటారు," అంది.

"పేలదని నువ్వు రాసిస్తావా?" అంది కినుయే.

సరిగ్గా తొమ్మిదిన్నరకి లోయలోని స్టేషను ముందు ఆరుగురు యాత్రికులు హెల్మెట్లు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. బ్యాటరీ సైకిలు సంగతి తెలియనివారి కోసం చెప్పాలంటే, కూర్చునేది మనిషి, తొక్కేది బ్యాటరీ, అలిసిపోయినట్టు ఫొటో దిగేది మళ్ళీ మనిషి. కినుయే పెడలు మీద కాలు పెట్టీ పెట్టకముందే సైకిలు కోడెదూడలా ముందుకి దూకింది.

"ఇది నన్ను అడక్కుండానే వెళ్ళిపోతోందండీ!" అని అరిచింది.

"అదే దాని గొప్పతనం!" అని షినొహరా గారు ఆఫీసు కారులోంచి ప్రోత్సహించారు. ఆయన విహారశాఖకి పెద్ద కాబట్టి కారులో వస్తున్నారు.

దారి ఎక్కింది. రెండు పక్కలా నల్లటి మట్టి, ఆ మట్టిలో పచ్చటి ముల్లంగి ఆకులు, రోడ్డు పక్క కాలవల్లోంచి ఆవిరి. యాత్రికులు ఆవిరికి ఆగి ఫొటోలు తీశారు. కినుయే వాళ్ళ పాదాలు లెక్కపెట్టుకుంది, పన్నెండూ ఉన్నాయి. గంధకం వాసన గుప్పుమంటే వాళ్ళు గుండెల నిండా పీల్చుకుని "ఆహా!" అన్నారు. కినుయే తడిగుడ్డలు పంచింది. వాళ్ళు వాటితో మెడలు తుడుచుకుని, ఎంత చక్కటి ఆతిథ్యం అని మెచ్చుకున్నారు.

పది గంటల పది నిమిషాలకి దేవదారు తోపు మలుపు దగ్గర గడ్డి టోపీలు పెట్టుకున్న ఏడుగురు సంతోషం పట్టలేకపోయారు. అంత కచ్చితంగా సమయానికి సంతోషించడం మరే దేశంలోనూ చూడలేం. యాత్రికుల్లో ముందు వెళ్తున్న తెరాజిమా అనే ఆవిడ, పట్నంలో మ్యూజియం ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, కళ్ళు చెమ్మగిల్లి తిరిగి చెయ్యి ఊపింది. ఒంటిచేత్తో హ్యాండిలు! కినుయే ఈల వేసింది. ఈల విని అందరూ ఆగారు. ఏమైందని అడిగారు. ఏమీ కాలేదని, కాకూడదనే వేశానని చెప్పి మూడుసార్లు వంగి క్షమాపణ కోరింది.

శిఖరం అంచున, కాంక్రీటు గుమ్మటాల పక్కన, రాళ్ళు పడితే దూరడానికి కట్టిన ఆ గుమ్మటాల నీడలోనే, యాత్రికులు అన్నం ముద్దలు విప్పి తిన్నారు. మైకులో ప్రకటన వచ్చింది: "స్వల్పంగా బూడిద రాలుచున్నది. ఆందోళన చెందవలసిన పని లేదు." ఆందోళన చెందవలసిన పని లేదన్న మాట వినగానే కినుయే గొడుగు విప్పింది. అంతవరకూ ఆ సంగతి ప్రకటించాల్సినంత పెద్దదని ఆవిడకి తెలియదు. యాత్రికులు మాత్రం చేతులు చాపి బూడిద పట్టుకుని, చిన్న సీసాల్లో పోసుకున్నారు. ఊళ్ళో జనం నలభై ఏళ్ళుగా ఆరేసిన బట్టల మీంచి దులుపుకుంటున్న బూడిద అది.

పచ్చిక దగ్గర ఎర్ర ఆవుల కంచె పక్కన, తలకి తువ్వాళ్ళు చుట్టుకున్న ఏడుగురు మళ్ళీ సంతోషించారు. యాత్రికుల్లో వీడియో తీస్తున్న కుర్రాడు సైకిలు నెమ్మది చేసి, "ఆ చివర మామ్మని ఇందాక కూడా చూశామా?" అన్నాడు.

"మా ఊళ్ళో అందరూ చుట్టాలేనండీ. ఒకే పోలిక," అంది కినుయే. జీవితంలో ఆవిడ ఆడిన రెండో అబద్ధం అది. మొదటిది సీతాకోకచిలుక గురించి. నిజానికి అది ఎండుటాకు.

ఇరవై ఒకటిలో పద్నాలుగు అయిపోయాయి. నాహో బస్సులో మూడింట రెండు వంతులు దక్కినట్టే అని కినుయే మనసులో లెక్క వేసుకుంది. ఇంత సాఫీగా జరుగుతోందంటే తప్పకుండా ఏదో రాబోతోందని కూడా అనుకుంది. వచ్చింది. అడ్డదారిలో తొకుజి గారి ట్రక్కుకి ఆవులు అడ్డం వచ్చాయి. ఆవుల్ని తొందరపెట్టడం ఆ ప్రాంతంలో మర్యాద కాదు. ముప్పై రెండు ఆవులూ దూడలూ తీరిగ్గా దాటాయి. ట్రక్కు పెద్దరోడ్డు మీదికి వచ్చేసరికి దాని వెనక పది గజాల్లో ఆరు బ్యాటరీ సైకిళ్ళు ఉన్నాయి.

ఊళ్ళోకి దిగే ఆ రోడ్డు సన్నం. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. దాటి వెళ్ళడానికి లేదు. తొకుజి గారు చట్టం కంటే నెమ్మదిగా, గంటకి పదిహేను కిలోమీటర్ల వేగంతో తప్ప నడపరు. ట్రక్కు వెనక మధ్యలో ఒక క్యాబేజీ, దాని చుట్టూ మోకాళ్ళు మడుచుకుని ఏడుగురు, తలకి తువ్వాళ్ళతో. వాళ్ళకి ఎదురుగా, మొహంలో మొహం పెట్టి, ఆరుగురు యాత్రికులు. ఇంకా రెండు కిలోమీటర్లు ఉంది.

కినుయే బ్రేకు మీద వేళ్ళు బిగించింది. పోయింది. బస్సు పోయింది. పసుపురంగు జుట్టు కుర్రాడు గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు.

అప్పుడు హత్సుయో మామ్మ గొంతు లేచింది. "ఏంటలా గుడ్లప్పగించి చూస్తున్నారు? పదీ పది దాటిందా లేదా? వాళ్ళు మన కళ్ళ ముందున్నారా లేదా? అయితే ఊపండి!"

ఏడుగురూ ఊపడం మొదలుపెట్టారు. ఊపుతున్నవాళ్ళకి తిరిగి ఊపకపోవడం మర్యాద కాదు కాబట్టి యాత్రికులు ఊపారు. యాత్రికులు ఆపలేదు కాబట్టి వీళ్ళు ఆపలేదు. ముందు ఎవరు ఆపినా అవతలివాళ్ళని అవమానించినట్టే కదా. అలా రెండు కిలోమీటర్ల మేర, పదకొండు మలుపుల్లో, ఎడంచెయ్యి నొప్పెడితే కుడిచెయ్యి మారుస్తూ, రెండు పక్షాలూ చిరునవ్వు చెదరకుండా ఊపుకుంటూ కొండ దిగారు. వెనకాల కినుయే కళ్ళు మూసుకుందామనుకుని, సైకిలు మీద ఉన్నానని గుర్తొచ్చి మానుకుంది.

హాలు ముందు ట్రక్కు ఆగింది. యాత్రికులూ ఆగారు. ఏడుగురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. తువ్వాళ్ళు విప్పి మడిచి పెట్టుకున్నారు. చెప్పులు విడిచి, పంట్లాలు మోకాళ్ళ దాకా మడిచి, వేణ్ణీళ్ళ తొట్టిలో పాదాలు పెట్టి, గంట నుంచీ అక్కడే కూర్చున్నట్టు ఆకాశం చూశారు. ఇదంతా జరగడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాలూ యాత్రికులు సైకిలు చక్రాలకేసి ఎంతో ఆసక్తిగా చూస్తూ నిలబడ్డారు. అందరూ సర్దుకున్నారని తెలిశాక తలెత్తి, ఇప్పుడే చూసినట్టు, "నమస్కారం! మిమ్మల్ని మొదటిసారి కలుస్తున్నాం," అని వంగారు.

"మొదటిసారేంటమ్మా," అంది హత్సుయో మామ్మ. "నాలుగోసారి కదూ!"

యాత్రికులు మళ్ళీ సైకిలు చక్రాలకేసి చూశారు.

"మామ్మకి తొంభై ఒకటండి," అన్నారు తొకుజి గారు.

"ఆహా, అలాగా!" అని అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, మామ్మకేసి జాలిగా నవ్వారు. ఆ రోజు మొత్తం మీద ఒక్క నిజం మాట పలికిన మనిషికి మతి స్థిమితం లేదని అలా ఇరుపక్షాల సమ్మతితో తేలిపోయింది. మామ్మ మాత్రం, "నాకు లెక్కలొచ్చు. నీకే రావు, తొకుజీ," అని గొణుక్కుంది.

శిఖరం దగ్గరే కారు తిప్పుకుని భోజనానికి వెళ్ళిపోయిన షినొహరా గారు సాయంత్రం తిరిగొచ్చి ఫారాలు పంచారు. తెరాజిమా గారు తన ఫారం తీసుకుని, చేతులు కడుక్కునే నెపంతో పంపు దగ్గరున్న కినుయే పక్కకి వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది: "చూడమ్మా, మీరందరూ ఇంత కష్టపడ్డారంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. ఇందులో నేనేం రాస్తే మీకు మంచి జరుగుతుందో చెప్పు. అదే రాస్తాను."

కినుయే నోరు తెరిచింది. ఆరూ యాభై బస్సు, నా కూతురు, ఇంతే చెప్పాల్సింది. అయిదు మాటలు. కానీ మూడడుగుల దూరంలో షినొహరా గారు మెడలో కార్డుతో నిలబడి ఉన్నారు. చెబితే ఆయన వింటారు. వింటే మొత్తం మోసమని నమోదవుతుంది. తొకుజి గారిని పోలీసులు పట్టుకెళ్తారు. క్యాబేజీ సాక్ష్యమవుతుంది. నాహోని బళ్ళోంచి తీసేస్తారు. ఈ ఆలోచనలన్నీ ఆవిడ తలలో నోటి దాకా వచ్చిన మాట కంటే వేగంగా పరిగెత్తాయి.

"తిరుగు ప్రయాణంలో... మలుపుల దగ్గర నెమ్మదిగా వెళ్ళండి," అంది కినుయే.

తెరాజిమా గారు తల ఊపి, వెళ్ళి ఫారం నింపింది.

యాత్రికులు ఆరుగురూ మర్యాదస్థులు. తోపు దగ్గర ఏడుగురు, పచ్చిక దగ్గర ఏడుగురు, ట్రక్కులో ఏడుగురు, తొట్టి దగ్గర ఏడుగురు, సైకిలు మీద ఒక ఇల్లాలు, మొత్తం ఇరవై తొమ్మిదిమంది అని ఆరు ఫారాల్లోనూ ఒకే అంకె రాశారు. ఆఫీసులో దాన్ని శాస్త్రీయంగా సవరించారు. రోడ్డు మీద కనిపించేవాళ్ళు ఎప్పుడూ ఊళ్ళో సగమే కాబట్టి ఉబహార జనాభా యాభై ఎనిమిదిగా నిర్ధారణ అయింది. జనాభా లెక్కల్లో పదకొండు అని ఉన్న సంగతి ఒక గుమాస్తా ఎత్తి చూపితే, అవి పాత లెక్కలన్నారు.

జూలైలో షినొహరా గారు స్వయంగా కొండెక్కి వచ్చి ఊరిని అభినందించారు.

"మీ సందడి గెలిచింది! బస్సు ఉంటుంది. ఉండటమే కాదు, మెరుగుపడుతుంది. ఇంత సజీవమైన గ్రామాన్ని లోకం చూడాలి. సెప్టెంబరు నుంచి బస్సు పొద్దున తొమ్మిదీ నలభైకి టౌన్లో బయల్దేరి యాత్రికుల్ని పైకి తెస్తుంది, సాయంత్రం నాలుగింటికి కిందికి దింపుతుంది. వెనక సీట్లు తీసేసి సైకిళ్ళు పెట్టే ఏర్పాటు చేస్తున్నాం."

కినుయే చెయ్యి ఎత్తింది. సభలో ఆవిడ చెయ్యి ఎత్తడం అదే మొదలు. "పొద్దున ఆరూ యాభై బస్సండీ..."

"అది ఫారాల్లో ఎవరూ అడగలేదమ్మా," అన్నారు షినొహరా గారు ఎంతో మృదువుగా. "ఆరుగురిలో ఒక్కరు అడిగినా ఆలోచించేవాళ్ళం."

ఆ నిర్ణయం అట్ట మీద ఇంటింటికీ తిరిగింది. కినుయే ఇంటికి వచ్చేసరికి ఏడు ముద్రలు పడి ఉన్నాయి. ఆవిడ అట్టని గుమ్మంలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఎనిమిదోది కూడా పడింది.

ఆగస్టు చివర నాహో టౌన్లో గదిలోకి మారింది. కినుయే గోడకి బీరువాని మేకులతో బిగించి, గ్యాసు పొయ్యి మీద ఎర్ర అక్షరాలతో కాగితం అంటించి వచ్చింది. పక్కగదిలో ఉన్నది డెబ్భై ఏళ్ళ విధవరాలు. ఆవిడకి గిటారు లేదని తెలిసినా కినుయేకి నిద్ర పట్టలేదు.

"రోజూ ఫోను చేస్తావు కదూ?"

"చేస్తానమ్మా."

"చెయ్యకపోతే నేననుకునేవి నీకు తెలుసు కదా?"

"తెలుసమ్మా. అందుకే చేస్తాను," అని నాహో మొహం పక్కకి తిప్పుకుంది.

ఊరి జనాభా పదికి దిగింది. ఆఫీసు లెక్క ప్రకారం యాభై ఏడు.

సెలవురోజుల్లో నాహో ఇంటికి రావాలంటే ఉన్నది ఆ విహారం బస్సే. బస్సు ఎక్కినవాళ్ళందరూ యాత్రికులే కాబట్టి ఆ పిల్లకి కూడా హెల్మెట్టూ, దారి పటమూ, ఫారమూ ఇచ్చారు. "నేనిక్కడి పిల్లనండీ," అని నాహో చెబితే, ఇక్కడివాళ్ళ కోసం వేరే ఫారం లేదన్నారు. బస్సు దిగేసరికి దారి పక్కన తల్లి తువ్వాలు పట్టుకుని, మిగతావాళ్ళతో కలిసి చెయ్యి ఊపుతోంది. బస్సు వచ్చినప్పుడల్లా చెయ్యి ఊపడం ఇప్పుడు ఊళ్ళో వంతులవారీ పని, ఆ పూట వంతు కినుయేది. వంతు అయ్యేదాకా వరస వదిలి రాకూడదు. నాహో హెల్మెట్టు పెట్టుకునే నిలబడి, పదిహేను నిమిషాలు తల్లికి తిరిగి చెయ్యి ఊపుతూ ఉంది. పక్కనున్న యాత్రికురాలు ఆ దృశ్యం ఫొటో తీసి, ఎంత కలుపుగోలు మనుషులో అని రాసింది.

సాయంత్రం నాలుగింటి బస్సు దగ్గర నాహో ఫారం నింపింది. చివరి ప్రశ్న ఇలా ఉంది: "ఇలాంటి ఊళ్ళో నివసించాలని మీకు అనిపిస్తున్నదా?" ఆ పిల్ల అవును అని రాసి, సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది. కినుయే బస్సు పక్కనే నడుస్తూ, కిటికీ లోంచి చెయ్యి బయట పెట్టొద్దని చెప్పింది, ఉప్పు బిళ్ళలు అందించింది, మలుపు దాకా వెళ్ళింది.

ఆ శరత్కాలంలో నాలుగువందల పన్నెండుమంది యాత్రికులు వచ్చారు. వారిలో నాలుగువందల మందికి ఉబహారలో నివసించాలని ఎంతో గాఢంగా అనిపించింది. ఆ విషయం టౌను ఆఫీసు గోడ మీద రంగు రంగుల పటంగా వేలాడుతోంది. ఆ నాలుగువందల మందినీ నాలుగింటి బస్సు ఒక్కరు కూడా తగ్గకుండా క్షేమంగా కిందికి దింపింది. నాహోని కూడా.

వాళ్ళని తప్పుపట్టకండి. ఆ ఫారం మీ చేతికిచ్చినా మీరూ అవుననే రాస్తారు. రాసి, బస్సు ఎన్నింటికని అడుగుతారు.